వెనక నిలబడిన బాకా

మా ఇనప బీరువా అడుగు అర సర్దాలని పదేళ్లుగా అనుకుంటున్నాను. మొన్న సంక్రాంతికి మనవడు వచ్చినప్పుడు వాడిచేత అడ్డంగా ఉన్న దుప్పట్ల మూట తీయించి ఆ పని కాస్తా మొదలుపెట్టాను. మొదలుపెట్టడమే గాని పూర్తి కాలేదు. అయినా ఆడవాళ్లు బీరువా సర్దడం ఎప్పుడైనా పూర్తయిందా చెప్పండి! పట్టుచీర జరీ చూస్తూ ఓ గంట, పాత శుభలేఖలు చదువుతూ ఓ గంట. ఈసారి నన్ను ఆపింది చీరా కాదు, శుభలేఖా కాదు. పాత తువ్వాల్లో చుట్టిన ఒక గ్రామఫోను ప్లేటు, దాని పక్కనే రబ్బరు బ్యాండు వేసి ఉన్న ఒక క్యాసెట్టు.

క్యాసెట్టు సంగతి తర్వాత. ముందు ప్లేటు.

మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత బరువేమిటి నానమ్మా, ఇది ప్లాస్టిక్కేనా?" అన్నాడు.

"కాదురా, లక్క" అన్నాను.

వాడు నమ్మలేదు. లక్క అంటే వాడికి తెలిసింది భారతంలో లక్క ఇల్లు ఒక్కటే. కాని నిజంగా లక్కే. అడవిలో చెట్ల కొమ్మల్ని అంటిపెట్టుకుని ఉండే ఒక చిన్న పురుగు కార్చే జిగురు. ఏటికొప్పాక బొమ్మలకి పూసేదీ, చార్మినారు పక్కన లాడ్ బజారులో గాజులు చేసేదీ ఇదే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు రాతిపొడీ, మసీ, లక్కా కలిపి, వేడిమీద అచ్చు వేసినవి. ఆ రోజుల్లో ప్రపంచానికి కావలసిన లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. ఛోటా నాగపూర్ అడవుల్లో గిరిజన స్త్రీలూ పురుషులూ గీకి తెచ్చిన లక్క కలకత్తా రేవులో ఓడలెక్కి, అమెరికా వెళ్లి, అక్కడ పాటయ్యేది. మనం గాజులుగా వేసుకున్నదాన్నే వాళ్లు సంగీతంగా విన్నారన్నమాట!

ఆ ప్లేటు మా ఇంటికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మా నాన్నగారు బిట్రగుంటలో రైల్వే ఉద్యోగి. పక్క క్వార్టర్సులో ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబం ఉండేది. ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఆ ఆంటీ తన గ్రామఫోనూ, పది ప్లేట్లూ మా అమ్మకిచ్చి వెళ్లింది. తొమ్మిది పగిలిపోయాయి. మిగిలిన ఈ ఒక్కదాని మీద కాగితం చెరిగిపోయింది. పెడితే మాత్రం బాకా మోగేది. మా అమ్మ, "ఇదేమిటే, పెళ్లిలో బ్యాండు మేళంలా ఉంది!" అనేది. ఆ బాకా ఎవరిదో తెలుసుకుందామని మొదలుపెట్టి, ఈ యాభై ఏళ్లలో దొరికిన పుస్తకమల్లా చదివాను. ఈ ప్లేటు మీది మనిషి ఎవరో తెలియలేదు గాని, అతని కులగురువులందరూ నాకు చుట్టాల్లా అయిపోయారు.

మా అమ్మ అన్న మాట తప్పేం కాదు. జాజ్ సంగీతం పుట్టింది బ్యాండు మేళంలోంచే. అమెరికా దక్షిణాన మిసిసిపీ నది ఒడ్డున న్యూ ఆర్లియన్స్ అని ఒక ఊరు. అక్కడ పెళ్లికీ, ఊరేగింపుకీ, చివరికి శవయాత్రకీ కూడా బ్యాండు ఉండాల్సిందే. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా, దుఃఖంగా వాయిస్తారు. తిరిగొచ్చేటప్పుడు చిందులు వేయించేలా వాయిస్తారు. ఆ మేళంలో ముందుండేది కార్నెట్. మన బ్యాండు మేళంలో చూసే ట్రంపెట్‌కి దగ్గర చుట్టం. కాస్త పొట్టిగా ఉంటుంది, గొట్టం మెల్లిమెల్లిగా వెడల్పవుతూ పోతుంది. అందుకే గొంతులో కరుకుదనం తక్కువ, మెత్తదనం ఎక్కువ. మూడే మూడు మీటలు, మిగతాదంతా పెదవులూ ఊపిరీ.

ఆ ఊళ్లో మొదటి మొనగాడు బడ్డీ బోల్డెన్. 1877లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. అతను ఊదితే మైళ్ల దూరం వినపడేదని చెప్పుకునేవాళ్లు. అంత చెప్పుకున్నా అతని ఊదుడు ఎలా ఉండేదో ఇవాళ ఎవరికీ తెలియదు. ఒక మైనపు గొట్టం మీద రికార్డు చేశారని అతని మేళగాడొకడు చెప్పాడు గాని, అది ఎవరికీ దొరకలేదు. మిగిలింది మేళంతో కలిసి దిగిన ఒక్క ఫోటో. బతికుండగా అతని పేరు పత్రికలో పడింది సంగీతం గురించి కాదు. 1906లో మతి చలించి, తనకి మందు పెడుతున్నారన్న భ్రమలో అత్తగారిని నీళ్ల కూజాతో కొట్టాడని! మరుసటి ఏడు పిచ్చాసుపత్రిలో చేర్చారు. 24 ఏళ్లు అక్కడే ఉండి 1931 నవంబరులో పోయాడు. ఒక సంగీతానికి ఆదిపురుషుడు అనదగ్గవాడు. వినడానికి ఒక్క స్వరం లేదు.

అతని తర్వాతివాడు ఫ్రెడ్డీ కెప్పార్డ్. ఇతనిది వేరే కథ. తన వేళ్లు ఏ మీట మీద ఆడుతున్నాయో పక్కవాళ్లు చూసి కాజేస్తారని చేతి మీద రుమాలు కప్పుకుని వాయించేవాడట. మన వాళ్లలోనూ ఉంటారు ఇలాంటివాళ్లు. సాంబారు పొడి ఎలా చేశారని అడిగితే అన్నీ చెప్పి, అసలైన ఒక్క దినుసు మాత్రం మింగేస్తారు! 1916 ప్రాంతంలో విక్టర్ కంపెనీ వాళ్లు రికార్డు చేద్దామని పిలిస్తే, "నా సొమ్ము అందరూ ఎత్తుకుపోతారు" అన్న భయంతో కాదన్నాడని చెబుతారు. డబ్బు కుదరక కాదన్నాడనేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, ఆ పేరు చేజారింది. 1917 ఫిబ్రవరి 26న అదే కంపెనీ న్యూయార్కులో నిక్ లరోకా అనే కార్నెట్ వాద్యగాడి మేళాన్ని రికార్డు చేసింది. ఐదుగురూ తెల్లవాళ్లు. అదే ప్రపంచంలో మొదటి జాజ్ ప్లేటు. ఒక పాటలో కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది, క్లారినెట్ కోడిలా కూస్తుంది. జనం ఎగబడి కొన్నారు. నల్లవాళ్ల పెరట్లో మొలిచిన సంగీతం మొదటి ఫలం మరొకరి పళ్లెంలో పడింది. కెప్పార్డ్ తర్వాత 1920లలో రికార్డులు ఇచ్చాడు, బాగానే ఇచ్చాడు. కాని ముందు వచ్చినవాడు ముందు వచ్చినవాడే గదా!

ఈ కెప్పార్డ్ కథ చదివినప్పుడల్లా నాకు మా అత్తగారు గుర్తొస్తారు. మా అత్తయ్యగారు అప్పగింతల పాట పాడితే పెళ్లిపందిట్లో మగపెళ్లివారు కూడా కళ్లొత్తుకునేవారు. మావారు టేప్ రికార్డరు కొన్నప్పుడు పాడమంటే ససేమిరా అన్నారు. "నా పాట పెట్టెలో పెట్టేస్తే ఇంక నన్ను పెళ్లికి పిలిచేదెవరే అమ్మాయ్?" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడాలోచిస్తే ఆ భయం ఎంత నిజమో తెలుస్తోంది. చేతిలో ఉన్నది అదొక్కటే అయినవాళ్లకి దాన్ని వదులుకోవడం తేలికా?

సరే, అసలు కథకి వస్తాను. న్యూ ఆర్లియన్స్‌లోనే జో ఒలివర్ అని ఒక భారీ మనిషి. జనం 'కింగ్' ఒలివర్ అన్నారు. కార్నెట్ మూతికి గిన్నె, గ్లాసు, ఏది దొరికితే అది అడ్డం పెట్టి పసిపిల్ల ఏడ్చినట్టు వాయించేవాడు. అతని వెంట ఒక కుర్రాడు తిరుగుతూ ఉండేవాడు. పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో పుట్టాడు. నూతన సంవత్సరం సంబరంలో పిస్తోలు పేల్చాడని పోలీసులు పట్టుకెళ్లి పిల్లల శిక్షాలయంలో పెడితే, అక్కడి బ్యాండులో కార్నెట్ నేర్చుకున్నాడు. బయటికొచ్చాక ఒలివర్ భార్యకి బజారు పనులు చేసిపెట్టేవాడు. అందుకు బదులు ఒలివర్ పాఠం చెప్పేవాడు, తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చాడు. మన గురుకులంలో కట్టెలు కొట్టి చదువుకున్నట్టే.

ఒలివర్ షికాగో వెళ్లి పేరు తెచ్చుకున్నాక 1922లో శిష్యుణ్ణి రమ్మని కబురు పెట్టాడు. ఒకే మేళంలో గురువు మొదటి కార్నెట్, శిష్యుడు రెండో కార్నెట్. పాట మధ్య ఆగినచోట ఇద్దరూ ఒక్క ఊపిరిలా జోడు స్వరాలు వేసేవాళ్లు. ముందుగా అనుకున్నట్టు కనిపించేది కాదు. జనం నోరు వెళ్లబెట్టేవాళ్లు. గురువు రహస్యంగా మీటల మీద వేళ్లాడించి సైగ చేసేవాడట, శిష్యుడు అందుకునేవాడు.

1923 ఏప్రిల్ 5న ఈ మేళం ఇండియానా రాష్ట్రంలో రిచ్మండ్ అనే ఊరికి వెళ్లింది. అక్కడ ఒక పియానోల ఫ్యాక్టరీ. దాని ఆవరణలో రైలు పట్టాల పక్కనే జెనెట్ కంపెనీ వాళ్ల రికార్డింగు గది. రైలు వస్తే పాట ఆపాల్సిందే. గదిలో మైకు లేదు. పెద్ద గరాటు ఒకటి. దాని సన్నని కొసన పల్చని పొర. చప్పుడుకి పొర వణుకుతుంది, దానికి తగిలించిన సూది తిరుగుతున్న మైనపు పలక మీద గాడి గీస్తుంది. అంతే యంత్రం. మూడు నిమిషాలకి పలక అయిపోతుంది. మీట తిప్పి చప్పుడు పెంచడం, తగ్గించడం లేదు. ఎవరి చప్పుడు పెంచాలన్నా, తగ్గించాలన్నా మనిషినే ముందుకో వెనక్కో జరపాలి. డ్రమ్ము గట్టిగా కొడితే సూది ఎగిరిపోతుందని బేబీ డాడ్స్‌కి చెక్క దిమ్మెలు ఇచ్చి సరిపెట్టుకోమన్నారు.

గరాటు ముందు గురుశిష్యులిద్దరూ పక్కపక్కనే నిలబడి ఊదారు. లూయీ ఊదితే ఒలివర్ వినపడటం లేదు! అందుకని లూయీని గదిలో ఆ మూలకి, పది పదిహేను అడుగుల వెనక్కి పంపించారట. ఈ సంగతి చెప్పింది ఆ మేళంలో పియానో వాయించిన లిల్ హార్డిన్. మూలన నిలబడి లూయీ దిగులుగా చూశాడట. అతన్ని అంత దూరం పంపితేగాని సమం కాలేదంటే, అతనే గొప్పవాడని తనకు ఆ రోజు రూఢి అయిందని ఆవిడ తర్వాత చెప్పుకుంది.

రెండు రోజుల్లో తొమ్మిది పాటలు. 'డిప్పర్ మౌత్ బ్లూస్'లో ఒలివర్ వాయించిన ముక్కని ఆ తర్వాత కార్నెట్ పట్టిన ప్రతివాడూ స్వరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. 'చైమ్స్ బ్లూస్'లో లూయీ తన జీవితంలో మొదటిసారి ఒంటరిగా రికార్డుకెక్కాడు. ఇదే జెనెట్ కంపెనీ, డబ్బిస్తున్నారు గదా అని, నల్లవాళ్లని పీడించే కు క్లక్స్ క్లాన్ వాళ్ల పాటలు కూడా అచ్చువేసి ఇచ్చింది. వ్యాపారానికి చెవులుండవు కాబోలు.

లిల్ గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. మెంఫిస్ నుంచి వచ్చిన చదువుకున్న పిల్ల. మగవాళ్ల మేళంలో ఒక్కతే ఆడది. లూయీ తన దగ్గర రెండోవాడిగా ఉన్నన్నాళ్లూ తనని మించలేడని ఒలివర్ ఒకసారి ఆవిడతోనే అన్నాడట. 1924లో లిల్ లూయీని పెళ్లి చేసుకుంది. ఆ మాట మనసులో పెట్టుకుని, "నా మొగుడు ఎవరికీ రెండోవాడు కానక్కరలేదు" అని పట్టుబట్టి గురువు దగ్గర నుంచి బయటికి తెచ్చింది. 1925 నవంబరు 12న లూయీ తన పేరున సొంత మేళం, 'హాట్ ఫైవ్', రికార్డు చేసినప్పుడు పియానో దగ్గర కూర్చున్నదీ ఆవిడే. అప్పటి నుంచీ జాజ్ దారి మారిపోయిందంటారు. దారి చూపించిన చెయ్యి గురించి మాత్రం తక్కువ అంటారు.

ఆ ఏడాది జనవరి 14న లూయీ ఇంకొక గొప్ప పని చేశాడు. బెస్సీ స్మిత్ అని ఆ రోజుల్లో బ్లూస్ పాటలకి మహారాణి. ఆవిడ 'సెయింట్ లూయీస్ బ్లూస్' పాడుతుంటే పక్కన కార్నెట్ వాయించాడు. ఆ పాట కట్టిన డబ్ల్యూ. సి. హ్యాండీ కూడా కార్నెట్ వాద్యగాడే. మొగుడు విడిచిపోయిన ఆడదాని మొర అది. ఆ గదిలో ఉన్నది ముగ్గురే. ఆవిడ గొంతు, ఇతని బాకా, మన హార్మోనియం కుటుంబానికి చెందిన ఒక కాలితొక్కుడు ఆర్గన్. ఆవిడ చరణం ఆపి ఊపిరి పీల్చుకున్న ప్రతిచోటా బాకా మెల్లగా, "అవునమ్మా, అవును" అన్నట్టు పలుకుతుంది. మాట తెలియకపోయినా ఆ జవాబు అర్థమవుతుంది. కష్టం చెప్పుకునేటప్పుడు మనకి కావలసింది సలహా కాదు, అలా ఊకొట్టేవాళ్లు.

ఇంకొక్క పిల్లవాడి కథ. బిక్స్ బైడర్‌బెక్. 1903లో అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో కలిగిన ఇంట పుట్టిన తెల్లవాడు. అన్న యుద్ధం నుంచి తిరిగొస్తూ గ్రామఫోనూ, ఆ లరోకా ప్లేట్లూ తెచ్చాడు. బిక్స్ ప్లేటు వేగం తగ్గించి, ఒక్కొక్క స్వరమూ చెవితో పట్టి, గురువు లేకుండా కార్నెట్ నేర్చాడు. ఏకలవ్యుడికి మట్టి బొమ్మ, వీడికి లక్క ప్లేటు. ఈ జాజ్ పిచ్చి వదలాలని తల్లిదండ్రులు 1921లో హాస్టలు బడిలో వేశారు. ఆ బడి ఉన్నది షికాగోకి దగ్గర్లో! పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. రాత్రుళ్లు గోడ దూకి జాజ్ వినడానికి వెళ్లేవాడు, మరుసటి ఏడాది బడివాళ్లు పంపించేశారు. 1927 ఫిబ్రవరిలో, మైకు వచ్చిన తర్వాత, 'సింగిన్ ద బ్లూస్' అనే పాటలో అతను వాయించిన కార్నెట్ వింటే లోహంతో చేసిన వస్తువు ఇంత మెత్తగా ఎలా మాట్లాడిందా అనిపిస్తుంది. లూయీది ఎండ అయితే ఇతనిది వెన్నెల.

తన రికార్డు వచ్చినప్పుడల్లా బిక్స్ ఒక ప్రతి ఇంటికి పంపేవాడట. తాగుడుకి అలవాటుపడి, ఒళ్లు చెడి, ఒకసారి ఇంటికి వెళ్లినప్పుడు అలమరలో ఆ పొట్లాలన్నీ విప్పకుండానే ఉన్నాయట. ఈ కథ నిజం కాదనేవాళ్లు కూడా ఉన్నారు. నిజం కాకూడదనే నాకూ ఉంది. 1931 ఆగస్టు 6న న్యూయార్కులో పోయాడు. 28 ఏళ్లు.

ఒలివర్ ముగింపు ఇంకా కష్టం. చిగుళ్ల జబ్బుతో పళ్లూడిపోయాయి. పళ్లు లేని నోట కార్నెట్ నిలవదు. 1937లో లూయీ కచేరీలు చేసుకుంటూ జార్జియా రాష్ట్రంలో సవానా వెళ్తే, గురువు వీధిలో కూరగాయలు అమ్ముతూ కనిపించాడు. లూయీ, మేళంలోని వాళ్లూ జేబుల్లో ఉన్నదంతా తీసి ఇచ్చారు. ఆ రాత్రి ఒలివర్ మంచి బట్టలు కట్టుకుని కచేరీకి వచ్చి నిలబడి విన్నాడట. ఈసారి వెనక నిలబడ్డది గురువు. మరుసటి ఏప్రిల్‌లో పోయాడు.

మనుషుల సంగతి అలా ఉంచి, ప్లేట్ల గతి చూడండి. రెండో యుద్ధంలో లక్క కరువొచ్చి, అమెరికాలో పాత ప్లేట్లు పోగుచేసి కరిగించారు. ఒలివర్ మేళం 1923లో వాయించిన 'జూలూస్ బాల్' ప్లేటుకి లోకం మొత్తం మీద ఒకే ఒక్క ప్రతి దొరికింది. అదీ ఎవరింట్లోనో పగిలి ఉంటే ఆ పాట లేనట్టే. మరోపక్క, 1977లో ఆకాశంలోకి పంపిన వోయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డు మీద లూయీ మేళం 'మెలంకలీ బ్లూస్' ఉంది. అదే రికార్డు మీద మన కేసర్‌బాయి కేర్కర్ గొంతూ ఉంది. నక్షత్రాల దారిలో ఇద్దరూ పక్కపక్కనే వెళుతున్నారు.

ఇంక క్యాసెట్టు. 1984లో ఒకరోజు మా అత్తయ్యగారికే బుద్ధి పుట్టి, "ఆ పెట్టె తీసుకురా అమ్మాయ్, ఒంట్లో బాగుండటం లేదు" అన్నారు. అప్పగింతల పాట పాడారు. మధ్యలో కుక్కరు కూత వేస్తే ఆగి, మళ్లీ పాడారు. రిచ్మండ్‌లో రైలుకి ఆగినట్టే! తర్వాత ఆరు నెలలకి ఆవిడ పోయారు. క్యాసెట్టు వినే ధైర్యం లేక తువ్వాలు పక్కన పెట్టాం. పెట్టినవాళ్లం పెట్టినట్టే ఉండిపోయాం. బిక్స్ తల్లిదండ్రుల్ని అనడానికి నాకేం హక్కుంది చెప్పండి?

మావాడు ఎక్కడినుంచో పాత టూ-ఇన్-వన్ తెచ్చాడు. సడలిన టేపుని పెన్సిలు పెట్టి బిగించాను. మొదట గరగర. తర్వాత అత్తయ్యగారి గొంతు, నేను అనుకున్నదానికన్నా చిన్నది. కుక్కరు కూత. మళ్లీ పాట. అప్పుడు మావాడు, "నానమ్మా, వెనకాల ఇంకెవరో పాడుతున్నారు" అన్నాడు.

చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నిజమే. దూరంగా, వంటింటి గుమ్మం దగ్గరనుంచి, ఎవరో కింది స్థాయిలో అందుకుంటున్నారు. మా వదినగారు. పాతికేళ్లకే పసుపు కుంకుమలు పోగొట్టుకుని పుట్టింటికొచ్చి, జీవితమంతా మా వంటింట్లో గడిపిన మనిషి. ఆవిణ్ణి పెళ్లిపందిట్లోకి రానిచ్చేవారు కారు. అప్పగింతల పాట పాడమని ఎవరూ అడగలేదు. పాడగలదని నాకు కూడా తెలియదు. ఆ ఇంట్లో పన్నెండేళ్లు పక్కపక్కనే కూర్చుని కూరలు తరిగాం.

అత్తయ్యగారి పాట దాద్దామని పెట్టాం. యంత్రం, మేం అడగని గొంతుని కూడా దాచిపెట్టింది.

లూయీ 1971 జులై 6న పోయాడు. ఎప్పుడో విడాకులైపోయినా, ఏడు వారాల తర్వాత, ఆగస్టు 27న, షికాగోలో అతని స్మారక సభలో పియానో వాయిస్తూ వాయిస్తూనే లిల్ కుప్పకూలిపోయింది. వాయిస్తున్నది 'సెయింట్ లూయీస్ బ్లూస్'. 1923 నాటి రికార్డుల హక్కులు 2024 జనవరి 1తో తీరిపోయాయి కాబట్టి ఇప్పుడవి అందరి సొత్తు. మీ ఇంట్లో పిల్లల్ని అడిగితే ఫోనులో పెట్టి వినిపిస్తారు. వినేటప్పుడు ముందు నిలబడి ఊదేవాణ్ణే కాదు, ఆ గరగరల వెనక మూల నిలబడ్డవాణ్ణి కూడా ఓ చెవితో పట్టుకోండి. పియానో దగ్గర కూర్చున్న అమ్మాయిని కూడా.

బీరువా ఇంకా సర్దలేదు. ఆ క్యాసెట్టు మీద మాత్రం పేరు మార్చి రాశాను. ఇంతకుముందు 'అత్తయ్యగారి పాట' అని ఉండేది. ఇప్పుడు 'అత్తయ్యగారు, వదినగారు' అని రాసి, పైఅరలో పెట్టాను.